సప్లిమెంటరీ టిఫిన్

డాక్టర్ వకుళ సమతులాహారం గురించి పాఠం చెబుతూ మాంసకృత్తుల దగ్గరికి వచ్చేసరికి, రెండో బెంచీలో కూర్చున్న గంగరత్న కళ్ళు తిరిగి పక్కనున్న అమ్మాయి ఒళ్ళో పడిపోయింది.

పినాకినీ విశ్వవిద్యాలయంలో గృహవిజ్ఞాన శాఖ ఒకటుందన్న సంగతి ఆ విశ్వవిద్యాలయంలోనే చాలామందికి తెలియదు. ప్రాంగణంలో కొండ వైపు, స్టేడియం కట్టబోయి మధ్యలో మానేసిన గోడల వెనక ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అదే ఆ శాఖ. వకుళ అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్. ప్రతి వేసవిలోనూ ఆమె ఉద్యోగం ముగిసిపోతుంది. వానలు మొదలయ్యే వేళకు ఎవరికో జ్ఞాపకం వచ్చి దాన్ని మళ్ళీ పొడిగిస్తారు. ఆ మధ్యకాలంలో ఆమె ఇంటి యజమానికి కనబడకుండా తిరుగుతుంది.

ముఖాన నీళ్ళు చల్లి, ఎవరి సంచిలోనో దొరికిన వేరుశనగ ఉండ నోట్లో పెట్టాక గంగరత్న తేరుకుని కూర్చుంది.

"పొద్దున ఏం తిన్నావు పాపా?" అని అడిగింది వకుళ.

"ఏం తినలేదు మేడం."

"ఏం? ఆకలి లేదా?"

"ఆకలి లేక కాదు మేడం. హాస్టల్లో నీళ్ళొచ్చేది ఏడింటికి. ఎనిమిదింటికల్లా మెస్సు తలుపు మూస్తారు. బాత్రూం ముందర లైన్లో నిలబడితే టిఫిన్ పోతాది. టిఫిన్‌కి పోతే నీళ్ళు పోతాయి. రెండిట్లో ఏదో ఒకటే దొరికేది."

"మరి నువ్వు?"

"క్లాసుకు రావాల కదా మేడం. స్నానమే చేస్తా."

పొద్దున టిఫిన్ తినకుండా వచ్చినవాళ్ళు చేతులెత్తమంది వకుళ. దాదాపు క్లాసంతా చేతులెత్తింది. ఎత్తనివాళ్ళను చూస్తే వాళ్ళు స్నానం చేయలేదని తెలుస్తూనే ఉంది. వకుళ ఒకసారి నల్లబల్ల వైపు చూసింది. రోజుకు ఎన్ని గ్రాముల మాంసకృత్తులు కావాలో తన చేతులతోనే దాని మీద అందంగా రాసిపెట్టింది. దాన్ని తుడిచేసి, చేతుల సుద్ద దులుపుకుని, నేరుగా వైస్ ఛాన్సలర్ గదికి బయల్దేరింది. ఆమె అడగదలుచుకున్నది చాలా చిన్న విషయం. మెస్సు తలుపు ఇంకొక గంటసేపు తీసి ఉంచాలి. అంతే.

వైస్ ఛాన్సలర్ ఆచార్య పరాంకుశరావు అంతకుముందు రోజే ఏదో చల్లటి ఊళ్ళో 'ఆరోగ్య ప్రాంగణాలు' అనే అంశం మీద జరిగిన జాతీయ సదస్సు నుంచి తిరిగివచ్చారు. అక్కడ కప్పిన శాలువా ఇంకా కుర్చీ వీపు మీదే ఉంది. వకుళ నోట 'ఆరోగ్యం' అన్న మాట వినగానే ఆయన ముఖం వెలిగింది. ఆమె మిగతా మాటలు ఆయన వెలుగుతూనే విన్నారు.

"వకుళగారూ, మీరు సమస్యను కాలమానం దృష్ట్యా చూస్తున్నారు. నేను దార్శనికత దృష్ట్యా చూస్తున్నాను."

"గంటసేపు తలుపు తీసి ఉంచితే చాలు సార్."

"తలుపు తీసి ఉంచడం విధాన నిర్ణయం. దానికి పాలకమండలి ఆమోదం కావాలి. ఆర్థిక విభాగం సమ్మతి కావాలి. వార్డెన్ల అభిప్రాయ సేకరణ జరగాలి. కాపలాదారుల పనివేళల పునర్వ్యవస్థీకరణ జరగాలి. కనుక తలుపు జోలికి మనం వెళ్ళలేం." ఆయన కాస్త ముందుకు వంగారు. "కానీ ఒక కొత్త సబ్జెక్టు ప్రవేశపెట్టడానికి నాకు ఎవరి ఆమోదమూ అక్కర్లేదు."

"సబ్జెక్టెందుకు సార్?"

"విద్యార్థి ఎందుకు తినడం లేదు? తింటే మార్కులు రావు కనుక. మార్కులు రాని పనిని మన విద్యార్థి చేయగా మీరెక్కడైనా చూశారా?"

మార్కులు రాకపోయినా విద్యార్థులు చేసే పనులు వకుళకు చాలానే గుర్తొచ్చాయి గానీ, అవి వైస్ ఛాన్సలర్ గదిలో చెప్పదగ్గవి కావు.

"అల్పాహారాన్ని నిర్బంధ పాఠ్యాంశం చేద్దాం. 'ఆహారాచరణ శాస్త్రం'. నాలుగు క్రెడిట్లు. అన్ని శాఖల వాళ్ళకూ వర్తిస్తుంది. మీరే కన్వీనర్. మీ శాఖకు ప్రధాన భవనంలో గది ఇస్తాం, ఫ్యానుతో సహా. ఇక మీ కాంట్రాక్టు విషయం..." అని వాక్యాన్ని అక్కడే ఆపి చిరునవ్వు నవ్వారు.

వకుళ తటపటాయించింది. ఇది బుద్ధి ఉన్న ఆలోచన కాదని ఆమెకు తెలుసు. కానీ బుద్ధి ఉన్న ఆలోచనలు తీసుకుని ఈ గదికి ఆమె ఇంతకుముందు కూడా వచ్చింది, వచ్చిన దారినే తిరిగివెళ్ళింది. ఏ దారిన పోతేనేం, పిల్లల కడుపులోకి ఇంత తిండి పోతే చాలుననుకుని సరేనంది.

కొత్త సబ్జెక్టు కోసం వేసిన సంఘం మర్నాడే సమావేశమైంది. వైస్ ఛాన్సలర్ మాట్లాడినంతసేపూ అందరూ తలలూపారు. పరీక్షల కంట్రోలర్ ఓబుళపతి ఒక్కడే ఊపలేదు.

ఓబుళపతి బక్కపలచటి మనిషి. నడుముకు తాళాల గుత్తి లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. ఈ లోకంలో ఉన్నది అభ్యర్థులూ, ఇన్విజిలేటర్లూ, అంతే అని ఆయన నమ్మకం. పైసా లంచం ముట్టడు. సొంత బావమరిదిని మూడు మార్కుల తేడాతో తప్పించి, ఇంట్లో ఏడాదిపాటు మాటల్లేకుండా బతికినవాడు. విశ్వవిద్యాలయం నిబంధనలు ఆయనకు ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకూ వచ్చు.

"సబ్జెక్టు పెడ్తాండారు. సంతోషం. పరీక్ష ఎప్పుడు?" అన్నాడు.

"పరీక్షెందుకండీ? పిల్లలు రోజూ పొద్దున తింటే చాలు కదా" అంది వకుళ.

"అయితే రోజూ పరీక్షే. పరీక్ష లేని సబ్జెక్టుకు క్రెడిట్లు ఇయ్యడానికి రూలు ఒప్పుకోదు మేడం. తినేదే జవాబు రాసేది. ప్లేటే జవాబు పత్రం. మెస్సు పరీక్షా కేంద్రం. ఇంక మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి."

వకుళకు నవ్వొచ్చింది. చుట్టూ చూస్తే ఇంకెవరూ నవ్వడం లేదు. ఆమె తన నవ్వును దగ్గుగా మార్చుకుంది.

ఓబుళపతి చెప్పినట్టే మిగతావన్నీ వాటంతట అవే వచ్చాయి. హాల్ టికెట్ లేనిదే మెస్సులోకి ప్రవేశం లేదు. మొదటి అరగంటలో ఎవరూ బయటికి పోకూడదు. పక్కవాడి ప్లేటులోకి తొంగిచూడకూడదు. ఇడ్లీలు సీలు వేసిన పెట్టెల్లో వస్తాయి, ఇద్దరు విద్యార్థుల సమక్షంలో సీలు విప్పి, వాళ్ళ సంతకాలు తీసుకోవాలి. ఇంకొక ఇడ్లీ కావాలనుకున్నవాడు లేచి నిలబడి 'అడిషనల్' అని అడగాలి. ఇన్విజిలేటర్ వచ్చి ఇడ్లీని పరిశీలించి, చిన్నాకులో చుట్టి, పైన సంతకం పెట్టి, మొదటి ప్లేటుకు దారంతో కట్టి ఇవ్వాలి. తిన్న ప్లేట్ల మీద పేర్లు కనబడకుండా కోడు నంబర్లు అంటించి మూల్యాంకన శిబిరానికి పంపాలి. అక్కడ పక్క జిల్లాల నుంచి వచ్చిన సీనియర్ ఆచార్యులు ప్లేటును అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ మిగలకపోతే పాసు, ఏ కొంచెం మిగిలినా ఫెయిలు అని నిర్ణయిస్తారు. వాళ్ళకు దారిఖర్చులూ, భోజనం ఖర్చులూ విశ్వవిద్యాలయమే ఇస్తుంది.

ఇంతా చేసి, పరీక్ష ఏడింటికి మొదలై ఎనిమిదింటికి ముగుస్తుంది. తలుపు వేళ మార్చడం విధాన నిర్ణయం కదా!

మొదటి రోజు పొద్దున వకుళ మెస్సు ముందు నిలబడి చూసింది. విద్యార్థులు అచ్చం పరీక్షకు వచ్చినట్టే వచ్చారు. కొందరి నుదుట విభూతి ఉంది. కొందరు గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని గొణుక్కుంటున్నారు. కంప్యూటర్ విభాగం కుర్రాడొకడు "ముఖ్యమైనవి ఏవి మేడం? మొలకలు కచ్చితంగా వస్తాయా, వదిలేస్తే నడుస్తాదా?" అని ఆమెనే అడిగాడు. ఇంకొకడు, తాను సిలబస్సంతా పరీక్ష ముందురోజే చదివే రకమనీ, సెమిస్టరు చివర ఒక్క పొద్దునే అన్ని టిఫిన్లూ కలిపి తినేస్తాననీ, అలా అనుమతి ఇప్పించమనీ బతిమాలాడు.

లోపల వంటమాస్టరు దస్తగిరి తల పట్టుకుని కూర్చున్నాడు. నానబెట్టిన బొరుగులతో చేసే ఉగ్గానికీ, వేడివేడి మిరపకాయ బజ్జీకీ ఆయన ఆ చుట్టుపక్కల పేరు మోసినవాడు.

"మూడు సెట్లు వండమంటాడు మేడం ఆ కంట్రోలర్ సారు. ఏ సెట్టు వడ్డించేదీ పొద్దున ఆరుకి ఫోన్ చేసి చెప్తాడంట. తక్కిన రెండు సెట్లూ ఏం చేయాల? నేనూ, నా పెండ్లామూ ఎన్నని తింటాం?"

నాలుగు రోజులు గడిచేసరికి అంతకంటే పెద్ద గొడవ వచ్చింది. పరీక్షకు పావుగంట ముందే ఉగ్గాని వస్తోందని హాస్టళ్ళన్నిటికీ తెలిసిపోయింది. ప్రశ్నపత్రం లీకు! ఓబుళపతి దర్యాప్తుకు దిగాడు. అరటి మొక్కల చాటున నిలబడి, ముక్కు పైకెత్తి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, మధ్యాహ్నానికి నివేదిక ఇచ్చాడు. తాలింపు వాసన కిటికీలోంచి బయటికి పోవడమే లీకుకు కారణం. ఆ సాయంత్రమే ఉత్తర్వులు వెలువడ్డాయి: 'పరీక్షా గోప్యతను దృష్టిలో ఉంచుకుని, ఇకమీదట ఆహారాచరణ శాస్త్రం పేపరులో తాలింపు నిషేధించడమైనది.'

అంతటితో టిఫిన్ రుచీ పచీ లేని పదార్థమైపోయింది. ఆవిరిమీద ఉడికిన గుగ్గిళ్ళు, ఉప్పు తగలని జావ, ఏమీ తగలని ఉప్మా. దస్తగిరి వాటిని వడ్డించేటప్పుడు తల పక్కకు తిప్పుకునేవాడు. పిల్లలు జేబుల్లో కారప్పొడి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అది తెలిసి ఓబుళపతి తనిఖీ బృందాన్ని పెట్టాడు. జీపు దిగి పరుగున లోపలికొచ్చిన ఆ బృందానికి మొట్టమొదట చిక్కింది గంగరత్న.

పాపం ఆ పిల్ల స్నానం మానుకుని మరీ పరీక్షకు వచ్చింది. చున్నీ కొసన ముడివేసుకున్న చిన్న పొట్లంలో అమ్మ పంపిన చెనిక్కాయల పొడి ఉంది. చిటికెడు తీసి జావలో కలుపుకుంటుండగా పట్టుకున్నారు. జావను, పొడిని, చున్నీని వేర్వేరు కవర్లలో పెట్టి సీలు వేశారు. విచారణ తేలేదాకా మెస్సులో అడుగు పెట్టకూడదన్నారు.

"ఇంతకుముందు రోజు మార్చి రోజైనా తింటాంటి మేడం. ఇప్పుడు అదీ పాయె" అంది గంగరత్న, వకుళ ఎదుట నిలబడి. ఏడవలేదు. ఏడ్చి ఉంటే వకుళకు ఇంత కష్టంగా ఉండేది కాదు. కొత్తగా వచ్చిన ఫ్యాను కింద కూర్చుని ఉన్న వకుళకు ఆ గాలి ఒంటికి సయించలేదు. లేచి స్విచ్చి ఆపేసింది.

"విచారణకు నేనూ వస్తా పద" అంది.

విచారణ సంఘానికి అధ్యక్షులు వైస్ ఛాన్సలరే. బల్ల మధ్యలో సీలు వేసిన పొట్లం ఉంది. గదంతా వేయించిన వేరుశనగా, వెల్లుల్లీ కలిసిన కమ్మటి వాసన. సంఘ సభ్యులు మాటిమాటికీ గుటకలు మింగుతున్నారు.

"అభ్యర్థిని పరీక్షా సమయంలో అనధికార పదార్థాన్ని వినియోగించినట్లు నిర్ధారణ అయినది" అన్నారు పరాంకుశరావు. "ఈ పొడి మీ సొంత దస్తూరీయేనా?"

"మా అమ్మ దంచింది సార్."

"అనగా బయటి వ్యక్తి సహకారం కూడా ఉన్నది" అని ఆయన నిట్టూర్చారు.

వకుళ లేచింది. "సార్, అది వేరుశనగ. అందులో ఉన్నన్ని మాంసకృత్తులు మీరు పెట్టే జావలో లేవు. ఈ పిల్ల కళ్ళు తిరిగి పడిపోయిందనే కదా ఇదంతా మొదలుపెట్టింది. ఒంటికి మంచిదే తింటే తప్పెలా అవుతుంది?"

ఓబుళపతి గొంతు సవరించుకున్నాడు. "మేడం, పౌష్టికమైన కాపీ కూడా కాపీయే. జవాబు కరెక్టుగా ఉందని చిట్టీని వదిలేస్తామా? ఈ సెమిస్టరుకు ఈ పాప రెగ్యులర్ పరీక్ష రాసే దానికి లేదు. రూలది."

"అంటే సెమిస్టరంతా పస్తుండాలా?"

"పస్తెందుకు మేడం?" ఓబుళపతికి ఆ మాట నిజంగానే నొప్పి కలిగించింది. "రెగ్యులర్ పోయినోళ్ళకు సప్లిమెంటరీ ఉంది. దాన్ని ఆపే అధికారం వైస్ ఛాన్సలర్ సారుకు కూడా లేదు. అడిగితే ఇయ్యాల్సిందే."

వకుళ నోటిదాకా వచ్చిన కోపం అక్కడే ఆగిపోయింది. ఆమె మెల్లగా కూర్చుంది.

"ఆ సప్లిమెంటరీ ఎప్పుడు పెడతారండీ?"

"రెగ్యులరూ సప్లిమెంటరీ ఒకే వేళకు పెట్టకూడదు. ఎనిమిదింటికి రెగ్యులర్ అయిపోతాది. హాలు తుడిచి, నంబర్లు మార్చే దానికి అరగంట. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా సప్లిమెంటరీ."

"ఎక్కడ?"

"మెస్సులోనే. సెంటరు మార్చకూడదు."

"తలుపు తీసి ఉంచడానికి పాలకమండలి ఆమోదం కావాలని సారు అన్నారే?"

"అది మెస్సు తలుపుకు మేడం. పరీక్షా కేంద్రం తలుపుకు నా ఆమోదం చాలు. వాచ్‌మన్లూ, గ్యాసూ అన్నీ పరీక్షల నిధి కింద వస్తాయి."

వైస్ ఛాన్సలర్ కిటికీలోంచి చెట్లను చూస్తున్నారు. నిబంధనల చర్చ మొదలైతే ఆయన అలా ప్రకృతిని చూడటం అలవాటు.

వకుళ ఇంకొక్క ప్రశ్న అడిగింది. చాలా మామూలుగా అడగడానికి ఆమెకు కష్టమైంది. "రెగ్యులర్‌కు అసలు రాకుండా పోయినవాళ్ళ సంగతేమిటి?"

"గైర్హాజరంటే ఫెయిలే. ఫెయిలైనోళ్ళందరికీ సప్లిమెంటరీ హక్కే" అన్నాడు ఓబుళపతి. ఆయన దృష్టిలో అదొక విచారకరమైన విషయం.

బయటికొచ్చాక గంగరత్న దిగులుగా, "అయితే నేను ఫెయిలా మేడం?" అంది.

"ఫెయిలే. రేపు తలస్నానం చేసి, తల ఆరబెట్టుకుని, నిదానంగా ఎనిమిదిన్నరకు మెస్సుకు రా" అంది వకుళ.

మర్నాడు సప్లిమెంటరీకి వచ్చిన అభ్యర్థి గంగరత్న ఒక్కతే. దస్తగిరి కంట్రోలర్‌కు ఫోన్ చేసి ఏ సెట్టు వడ్డించాలని అడిగాడు. సప్లిమెంటరీకి పాత ప్రశ్నపత్రమే వస్తుంది, అది అందరికీ తెలిసిందే, అందులో దాచాల్సిందేమీ లేదు, నీకు తోచింది వండు అన్నాడు ఓబుళపతి.

"దాచే పని లేకుంటే తాలింపు పెట్టచ్చా సార్?"

నిబంధనలన్నీ మనసులో తిరగేసుకుని, "గోప్యత లేదు కాబట్టి నిషేధం వర్తించదు" అన్నాడు ఓబుళపతి.

దస్తగిరి ఆనందం పట్టలేకపోయాడు. పెద్ద బాణలి పొయ్యి మీద పెట్టి, ఆవాలూ, ఎండు మిరపకాయలూ, కరివేపాకూ ఒక్కసారి వేశాడు. అన్నాళ్ళుగా ఆగిపోయిన ఆ చిటపటలు మెస్సంతా మారుమోగాయి. ఉగ్గానిలో ఉడికించిన శనగలు కలిపాడు. పక్కన గుడ్డు పెట్టాడు. గంగరత్న కడుపునిండా తిని, ఇంకోసారి పెట్టించుకుంది. అడిషనల్ అని లేచి నిలబడలేదు, సంతకాలు లేవు, దారం లేదు. ఫెయిలైనవాళ్ళ మీద అంత నిఘా పెట్టడానికి నిధులు లేవట.

వాసన చేయాల్సిన పని వాసన చేసింది. మర్నాడు గంగరత్న వెంట ఆమె గదిలోని అమ్మాయిలొచ్చారు. ఆ మర్నాడు హాస్టల్లో సగం వచ్చింది. వారం తిరిగేసరికి కుర్రాళ్ళ హాస్టళ్ళు కూడా కదిలాయి. ఏడింటికి రెగ్యులర్ పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్లు మాత్రమే ఉండేవాళ్ళు, సీలు వేసిన పెట్టెల మధ్య ఆవలిస్తూ. తనిఖీ బృందం జీపు దిగి పరుగున లోపలికొచ్చి, పట్టుకోవడానికి ఎవరూ లేక, ఉప్పు లేని ఉప్మా వైపు ఒకసారి చూసి, నడుచుకుంటూ బయటికి పోయేది. ఎనిమిదిన్నరకు మాత్రం అదే హాల్లో చోటు దొరికేది కాదు. తల ఆరబెట్టుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ, రాగి సంకటి మీద చెనిక్కాయల పొడి చల్లుకుంటూ విద్యార్థులంతా హాయిగా ఫెయిలవుతున్నారు. వకుళ పాఠం మాంసకృత్తులు దాటి విటమిన్ల దాకా వచ్చింది, ఎవరూ పడిపోలేదు.

నెలాఖరుకు ఫలితాలు వచ్చాయి. ఆహారాచరణ శాస్త్రంలో ఉత్తీర్ణత సున్నా. ఒక్క పూట గైర్హాజరైనా తప్పినట్టే కనుక యావత్ విశ్వవిద్యాలయం టిఫిన్‌లో తప్పింది. పరాంకుశరావుకు ముచ్చెమటలు పోశాయి. ఆ మర్నాడే గుర్తింపు ఇచ్చే తనిఖీ సంఘం రాబోతోంది మరి. 'నూటికి నూరు శాతం పౌష్టిక ప్రాంగణం' అని గేటు దగ్గర బ్యానరు కూడా కట్టించి ఉన్నారు.

సంఘం ఏడింటికి రావాలి. రైలు ఆలస్యమై, ముఖాలు వాడిపోయి, ఎనిమిదిన్నర దాటాక వచ్చింది. వైస్ ఛాన్సలర్ వాళ్ళను తన గదికి తీసుకుపోయి ప్రసంగం వినిపించాలనుకున్నారు. సంఘం అధ్యక్షురాలు, తెల్లజుట్టు పెద్దావిడ, దారి మధ్యలో ఆగి గాలి పీల్చింది.

"అటు వెళ్దాం" అంది.

లోపలికి వెళ్ళి చూస్తే వందలాది మంది విద్యార్థులు బుద్ధిగా కూర్చుని టిఫిన్ తింటున్నారు. గుడ్లు, మొలకలు, సంకటి, నవ్వులు. పెద్దావిడకు కళ్ళు చెమర్చినంత పనైంది.

"నేను చాలా విశ్వవిద్యాలయాలు చూశాను. పొద్దున ఇంతమంది తింటున్న చోటు మాత్రం చూడలేదు. ఏమిటండీ ఈ పథకం?"

పరాంకుశరావు క్షణకాలం తడబడ్డారు, అంతే. "దీన్ని మేము పునరవకాశ పౌష్టికాహార ప్రణాళిక అంటామండీ. మనిషి జీవితంలో రెండో అవకాశానికున్న ప్రాముఖ్యాన్ని అల్పాహార స్థాయి నుంచే అలవరచాలన్న దార్శనికత."

సంఘం వాళ్ళు అప్పటికే ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. గంగరత్న వాళ్ళకు తన పొట్లం విప్పి పెట్టింది. వెళ్ళేటప్పుడు పెద్దావిడ ఆ పొట్లం కాస్తా అడిగి తీసుకుపోయింది.

గుర్తింపు వచ్చింది. వైస్ ఛాన్సలర్‌కు ఇంకొక శాలువా వచ్చింది. ఎవరూ హాజరుకాని రెగ్యులర్ పరీక్ష ఇక దేనికని ఆయన సబ్జెక్టునే రద్దు చేసేశారు. ఆ ఉత్తర్వు చదివి వకుళ కంగారుగా ఓబుళపతి గదికి పరుగెత్తింది.

"సబ్జెక్టు పోయిందంటే సప్లిమెంటరీ కూడా పోయినట్టేనా?"

"యాడ పోతాది మేడం? సబ్జెక్టు రద్దు చెయ్యచ్చు, ఫెయిలైనోళ్ళను రద్దు చెయ్యలేరు. కడపటి అభ్యర్థి పాసయ్యేదాకా సప్లిమెంటరీ పెట్టాల్సిందే. అంతవరకూ కన్వీనర్ కూడా ఉండాల్సిందే. మీ కాంట్రాక్టు కూడా అట్లనే పొడిగించి పంపినాను. సారు సంతకం పెట్టినాడు."

వకుళకు ఊపిరాడింది. కానీ అది కాసేపే. గడప దాటబోతూ ఆమె ఆగింది. ప్లేటులో ఏమీ మిగల్చకుండా తింటే పాసు. దస్తగిరి వంట మొదలైనప్పటినుంచీ పిల్లలు ప్లేట్లు అద్దాల్లా నాకేస్తున్నారు. కోడు నంబర్లు వేసిన ఆ ప్లేట్లన్నీ దిద్దేవాళ్ళ కోసం ఇన్నాళ్ళుగా గోడౌన్లో పేరుకుని ఉన్నాయి. రేపటి నుంచి దిద్దుతారట. దిద్దితే విశ్వవిద్యాలయమంతా పాసైపోతుంది. మెస్సు తలుపు మళ్ళీ ఎనిమిదింటికే మూసుకుంటుంది.

"ఆ పాత ప్లేట్ల సంగతా?" అన్నాడు ఓబుళపతి ఆమె అడిగీ అడగకముందే. "గోడౌన్లో ఎలుకలు పడి నంబర్ల కాగితాలన్నీ కొరికేసినాయి. ఎవరి ప్లేటు ఎవరిదో తెలీదు. పరీక్ష చెల్లదు. రేపటినుంచి రాసిందే లెక్క." ఆ ముఖం చూసి ఎలుకల మాట నిజమో కాదో చెప్పడం ఎవరితరమూ కాదు.

రేపటినుంచి ప్లేట్లు దిద్దుతారన్న సంగతి వకుళ క్లాసులో చెప్పింది. ఏం చేయమనీ చెప్పలేదు. మర్నాడు పొద్దున మెస్సుకు వెళ్ళేసరికి తిన్న ప్లేట్లు వరసగా బల్ల మీదికి వచ్చి చేరుతున్నాయి. సంకటి లేదు, శనగగింజ లేదు, గుడ్డు సొన మరక కూడా లేదు. ప్రతి ప్లేటు అంచునా ఒకే ఒక్క కరివేపాకు రెబ్బ మిగిలి ఉంది. పక్క జిల్లా నుంచి వచ్చిన సీనియర్ ఆచార్యుడు ఒక్కొక్క ప్లేటూ పైకెత్తి చూసి, తల అడ్డంగా ఊపి, "ఫెయిల్... ఫెయిల్... ఇది కూడా ఫెయిల్" అని నమోదు చేయిస్తున్నాడు.

ఓబుళపతి తనిఖీకి వచ్చాడు. ఆ ప్లేట్ల వరసను ఒక చివర నుంచి రెండో చివరదాకా నడుస్తూ చూశాడు. దస్తగిరి వేడి ఉగ్గానీ, రెండు బజ్జీలూ పెట్టి ప్లేటు ఆయన చేతికిచ్చాడు.

"నేను అభ్యర్థిని కాదప్పా, పరిశీలకుణ్ణి" అన్నాడు ఓబుళపతి.

"పరిశీలించండి సార్" అన్నాడు దస్తగిరి.

ఆయన వకుళ ఎదురుగా కూర్చుని, చాలా శ్రద్ధగా తిన్నాడు. అన్నీ అయ్యాక ప్లేటులో ఒక కరివేపాకు మిగిలింది. దాన్ని వేలితో పట్టుకుని నోటిదాకా తీసుకెళ్ళి, ఒక్క క్షణం ఆగి, తిరిగి తెచ్చి ప్లేటు అంచున జాగ్రత్తగా ఆనించాడు.

"రేపు కూడా రావాల్సొచ్చేటట్టుంది మేడం" అన్నాడు.